సర్పి టీకా: ఒకసారి వచ్చిపోయినవాళ్లకూ కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు 61 ఏళ్లు, షుగరు ఉంది కానీ మాత్రలతో అదుపులోనే ఉంది. మీ ఆవిడకు 58. పోయిన ఏడాది ఆమెకు కుడి పక్కటెముకల మీదుగా సర్పి (ఇంగ్లిషులో షింగిల్స్, డాక్టర్ల భాషలో హెర్పిస్ జోస్టర్) వచ్చి రెండు నెలలు నిద్ర లేకుండా చేసింది. ఇప్పుడు టీకా సంగతి తెలిసింది. మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో చెప్పగలిగిన పెద్దవాళ్లు లేరు. ఇద్దరూ వేయించుకోవాలా, ఒకసారి వచ్చిపోయిన మనిషికి మళ్లీ ఎందుకు అని అడిగారు. జ్వరాలొస్తాయట, నరాలు చచ్చుబడతాయట అని విని టెన్షన్‌గా ఉందన్నారు.

సూటిగా చెప్తాను. ఇద్దరూ వేయించుకోండి. ఇద్దరూ రెండేసి డోసులు పూర్తి చేయండి. మీకు ఆటలమ్మ వచ్చిందో లేదో తేల్చుకోనక్కర్లేదు, దానికోసం రక్తపరీక్షా అక్కర్లేదు. మీ ఆవిడకు పొక్కులు ఎప్పుడో మానిపోయాయి కాబట్టి ఆమెకూ అడ్డు లేదు. జ్వరం మాట కొంత నిజమే. నరాల మాటలో గోరంత నిజం, కొండంత భయం ఉన్నాయి. దాని సంగతి కింద రాస్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా నొప్పుల క్లినిక్‌లో పనిచేస్తున్న డాక్టర్ని. సర్పి వచ్చినవాళ్లంతా నా దగ్గరికి రారు. సర్పి పోయి నెలలు గడిచినా నొప్పి పోనివాళ్లు వస్తారు. పది రోజుల్లో తేలిగ్గా బయటపడినవాళ్లు నాకు కనబడరు కాబట్టి ఈ జబ్బు మీద నా చూపు కాస్త ఒకవైపు ఒరిగే ఉంటుంది. అది మనసులో పెట్టుకునే చదవండి.

ముందు ఈ జబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలి, లేకపోతే టీకా ఎందుకో అర్థం కాదు. ఆటలమ్మకూ సర్పికీ వైరస్ ఒకటే, పేరు వేరిసెల్లా జోస్టర్. చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గిపోయాక వైరస్ మాత్రం ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన, తల లోపల ఉండే నరాల ముడుల్లో దూరి నిద్రపోతుంది. యాభై అరవై ఏళ్లు అలాగే ఉండగలదు. మనలోని రోగనిరోధక శక్తి దాన్ని లేవనివ్వకుండా కాపలా కాస్తుంటుంది. వయసు మీదపడ్డప్పుడో, ఏదైనా జబ్బు వల్లో, మందుల వల్లో ఆ కాపలా సడలితే వైరస్ లేచి, తానున్న నరం వెంబడే చర్మం దాకా పాకుతుంది. అందుకే పొక్కులు ఒంటికి ఒక పక్కనే, ఒక పట్టీలా వస్తాయి. ఆ నరం ఎంత మేర పోతే అంతే, నడిమధ్య గీత దాటి రెండో వైపుకు మామూలుగా వెళ్లవు.

మాటల మీద నాకున్న పిచ్చి కొద్దీ ఒక్క ముక్క. గ్రీకులో హెర్పిస్ అంటే పాకేది, జోస్టర్ అంటే నడికట్టు. మన సర్పి కూడా పాకడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చిందే. ఆ గ్రీకు ధాతువూ ఈ సంస్కృత ధాతువూ ఒకే మూలానివి. జబ్బును చూసిన కళ్లు ఎక్కడైనా ఒకేలా చూశాయన్నమాట.

ఇది బయటినుంచి కొత్తగా అంటుకున్నది కాదని, లోపల దాగినదే తిరిగి లేస్తుందని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు పెద్ద ప్రయోగశాల శాస్త్రవేత్త కాదు, ఇంగ్లండులో సైరెన్సెస్టర్ అనే చిన్న పట్టణంలోని ఎడ్గర్ హోప్ సింప్సన్ అనే మామూలు ఫ్యామిలీ డాక్టరు. తన దగ్గరికి వచ్చిన సర్పి కేసులన్నీ ఏళ్ల తరబడి రాసిపెట్టుకుని 1965లో ఆ సంగతి ప్రచురించాడు. వయసు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుందన్నది ఆయన లెక్కల్లోనే కనబడింది. ఇప్పుడు అమెరికా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకసారి సర్పి వస్తుంది. యాభై దాటాక ఆ అవకాశం పెరుగుతూ పోతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ.

మీకు ఆటలమ్మ గుర్తు లేదన్నారు కదా. మీ వయసువాళ్లలో చాలామందికి అది వచ్చే ఉంటుంది. నాలుగు పొక్కులతో పోయి, ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోయి ఉండొచ్చు. గుర్తు లేకపోవడాన్ని రాకపోవడంగా లెక్కపెట్టరు. అందుకే అడగకుండానే టీకా వేస్తారు.

భయపడాల్సింది పొక్కులకు కాదు, వాటి వెనక మిగిలే నొప్పికి. పొక్కులు పది రోజుల్లో పక్కు కడతాయి, నాలుగు వారాల్లోపు రాలిపోతాయి. ఆ లోపు వైరస్ నరాన్ని ఎంత నమిలిందన్నదే అసలు లెక్క. పొక్కులు మానాక మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటాం, క్లినిక్‌లో పొట్టిగా పీహెచ్ఎన్. సర్పి వచ్చినవాళ్లలో పది నుంచి పద్దెనిమిది శాతం మందికి ఇది మిగులుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువగా, ఇంకా మొండిగా మిగులుతుంది.

అది ఎలా ఉంటుందో చెప్పాలంటే నాకు ఒక లెక్కల మాస్టారు గుర్తొస్తారు. రిటైరయ్యారు, డెబ్బై మూడేళ్లు. పొక్కులు పోయి ఏడు నెలలైంది, చర్మం మీద తెల్లటి మచ్చలు తప్ప ఏమీ లేదు. బనియన్ని తిరగేసి వేసుకుని వచ్చారు. కుట్టు లోపలి వైపుంటే అది తగిలినప్పుడల్లా కరెంటు షాకులా జివ్వుమంటోందట. గట్టిగా అదిమితే ఓర్చుకోగలరు, గుడ్డ మెల్లగా రాసుకుంటే మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది. ఫ్యాను గాలికి కూడా అంతే. ఇంట్లోవాళ్లు మొదట్లో పాపం అన్నారు, నాలుగో నెలకల్లా ‘పొక్కులు ఎప్పుడో పోయాయి కదా, ఇంకా ఏం నొప్పి’ అనడం మొదలుపెట్టారు. నొప్పికన్నా ఆ మాట ఎక్కువ బాధించిందని ఆయనే చెప్పారు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటి మందులు, లిడోకైన్ పట్టీలు వాడాం. సగానికి తగ్గింది. ఆ సగాన్నే ఆయన వరంలా తీసుకున్నారు. నిజం చెప్పాలంటే నా చేతిలో ఉన్న మందులన్నీ ఇంతే. నొప్పిని తగ్గించగలను, నరాన్ని పాత నరంగా మార్చలేను. టీకా గురించి నేనింత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఇక టీకా. ఇప్పుడు ఎక్కువ దేశాల్లో వేస్తున్నది షింగ్రిక్స్. 2017 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇందులో బతికున్న వైరస్ లేదు. వైరస్ పైపొర మీదుండే ఒక్క ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. దానికి తోడు, ఒంట్లోని కాపలాను గట్టిగా తట్టి లేపే పదార్థం కలుపుతారు. అందులో ఒక భాగం చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీస్తారు. కుంకుడుకాయ నురగకు కారణమైన సపోనిన్ల జాతిదే అది. జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చేది చాలావరకు ఈ తట్టి లేపే పని వల్లే.

టీకాలోనే వైరస్ ఉంటుందని మీకెవరో చెప్పి ఉంటే, వాళ్లు పాత టీకా గురించి చెప్పి ఉంటారు. 2006లో వచ్చిన జోస్టావాక్స్‌లో బలహీనపరచిన వైరస్ బతికే ఉండేది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు అది వేయకూడదు. పైగా సర్పిని సగం వరకే, 51 శాతమే, ఆపగలిగింది. 2020 నవంబరు నుంచి అమెరికాలో అది అందుబాటులో లేదు. పాతది వేయించుకున్నవాళ్లకు కూడా కొత్తది వేయమనే చెప్తాం.

కొత్తది ఎంత ఆపుతుంది? 2015లో వచ్చిన పెద్ద అధ్యయనంలో యాభై దాటినవాళ్లు పదిహేను వేలమందికి పైగా ఉన్నారు. సగంమందికి టీకా, సగంమందికి ఉప్పునీటి సూది. మూడేళ్లకు పైగా చూస్తే, ఉప్పునీటి సూది పడినవాళ్లలో 210 మందికి సర్పి వచ్చింది. టీకా పడినవాళ్లలో ఆరుగురికి. నా వృత్తి జీవితంలో ఇంత తేడా చూపిన టీకా లెక్కలు తక్కువే చూశాను. డెబ్బై దాటినవాళ్లలో కూడా తొంభై శాతం దగ్గరే నిలిచింది. మామూలుగా ముసలితనంలో టీకాలు మందగిస్తాయి, ఇది అంతగా మందగించలేదు. అదే టీకా పడినవాళ్లను పదేళ్లకు పైగా వెంబడించి చూసినా రక్షణ ఎనభై శాతం చుట్టుపక్కల ఉంది. పీహెచ్ఎన్‌ను ఆపడంలోనూ దాదాపు ఇదే స్థాయి.

నూటికి నూరు శాతం కాదు. టీకా వేయించుకున్న రెండేళ్లకు సర్పి వచ్చిన ఒకావిడ నా దగ్గరికి వచ్చారు, ‘డబ్బు దండగ’ అని తిడుతూ. అరచేయంత మేర పొక్కులు, వారంలో మానాయి, నొప్పి మిగల్లేదు. టీకా లేకపోతే ఎలా ఉండేదో చూపించడానికి ఆవిడకు ఇంకో ఒళ్లు లేదు కాబట్టి నేనూ వాదించలేదు.

ఇప్పుడు జ్వరం సంగతి. నేను 54వ ఏట వేయించుకున్నాను. పొద్దున సూది, సాయంత్రానికి భుజం బరువెక్కింది, రాత్రి పదికి వణుకు, తలనొప్పి, ఒళ్లంతా రోకలితో దంచినట్టు. మర్నాడు మధ్యాహ్నానికి లేచి తిరిగాను. రెండో డోసుకు దాదాపు ఇంతే. నూటికి 78 మందికి సూది పడ్డ చోట నొప్పి, 45 మందికి ఒళ్లునొప్పులు, 20 మందికి జ్వరం వస్తాయని అధ్యయనాల లెక్క. రెండు మూడు రోజుల్లో పోతాయి. మర్నాడు పెళ్లి, ప్రయాణం, బ్యాంకు పని ఏదీ పెట్టుకోకండి. మీరిద్దరూ ఒకే రోజు కూడా వేయించుకోకండి. ఇద్దరూ ముసుగుతన్ని పడుకుంటే మంచినీళ్లిచ్చేవాళ్లుండరు. వారం తేడాతో వెళ్లండి. జ్వరమొస్తే పారాసిటమాల్ చాలు.

నరాలు చచ్చుబడటం గురించి. గీయాన్ బారీ సిండ్రోమ్ అని ఒక అరుదైన జబ్బుంది. ఒంటి కాపలాయే పొరపాటున సొంత నరాల మీద పడటం, కాళ్ల నుంచి మొదలై బలహీనత పైకి పాకడం దాని లక్షణం. 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ టీకా మీద ఆ హెచ్చరిక చేర్చింది. అరవై అయిదు దాటినవాళ్లలో పది లక్షల డోసులకు సుమారు మూడు అదనపు కేసులు అని వాళ్ల అంచనా. ఉన్నది దాచడం నాకిష్టం లేదు, అలాగని ఈ అంకెను సర్పి అంకెతో పక్కపక్కన పెట్టకుండా వదలడమూ సరికాదు. ఒకవైపు పది లక్షలకు ముగ్గురు, ఇంకోవైపు ముగ్గురిలో ఒకరు. మీలో ఎవరికైనా గతంలో ఆ జబ్బు వచ్చి ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పి మాట్లాడుకోండి.

రెండో డోసు గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మొదటి డోసుకు జ్వరం వచ్చినవాళ్లు ‘నా ఒంటికి పడలేదు’ అని రెండోది మానేస్తారు. ఒంటికి పడబట్టే జ్వరం వచ్చిందని వాళ్లకు చెప్పేవాళ్లుండరు. ఒక్క డోసుతో రక్షణ తక్కువ. పైన నేను రాసిన అంకెలన్నీ రెండు డోసులవి. రెండోది రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు వేయించుకోవాలి. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకు నెల, రెండు నెలల్లోనే వేస్తారు. ఆరు నెలలు దాటిపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, గుర్తొచ్చిన రోజే రెండోది వేయించుకుంటే సరి. మొదటి సూది పడ్డ రోజే ఫోనులో రెండోదానికి అలారం పెట్టించడం నాకు అలవాటు. నన్ను చూసి నవ్వినవాళ్లు కూడా ఆ అలారంతోనే వచ్చారు.

మీ ఆవిడ విషయం. ఒకసారి వస్తే మళ్లీ రాదని చాలామంది అనుకుంటారు. వస్తుంది. ఒకే మనిషికి మూడేళ్ల తేడాతో ఒకసారి నడుముకు, ఇంకోసారి నుదుటికి వచ్చిన కేసు నేనే చూశాను. సర్పి ఉన్న రోజుల్లో టీకా వేయరు, పొక్కులు పూర్తిగా మానేదాకా ఆగాలి, అంతే నియమం. ఆమెకు ఏడాది దాటింది కాబట్టి ఎప్పుడైనా వెళ్లొచ్చు. మిగిలిన నొప్పి ఏమైనా ఉన్నా టీకాకు అది అడ్డు కాదు. ఉన్న నొప్పిని టీకా తగ్గిస్తుందని మాత్రం ఆశపడకండి, అది దాని పని కాదు.

మీ షుగరు టీకాకు అడ్డు కాదు, సరికదా వేయించుకోవడానికి ఇంకో కారణం. కీళ్లవాతానికి, చర్మ జబ్బులకు రోగనిరోధక శక్తిని అణిచే మందులు మొదలుపెట్టబోయేవాళ్లు, కీమోకు వెళ్లబోయేవాళ్లు వీలైతే ఆ మందులకు ముందే వేయించుకోవడం మేలు. ఈ టీకాలో బతికున్న వైరస్ లేదు కాబట్టి మధ్యలోనైనా వేయొచ్చు, కానీ అప్పుడు ఒళ్లు అంతగా స్పందించకపోవచ్చు. ఫ్లూ టీకాతో ఒకే రోజు, రెండో చేతికి వేయించుకోవచ్చు. ఇంతకుముందు మొదటి డోసుకే తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు వేయించుకోకూడదు. ఆ రోజు గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి.

మతిమరుపు జబ్బు కూడా తగ్గుతుందట కదా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వేల్స్‌లో 2013లో పాత టీకా మొదలుపెట్టినప్పుడు, 1933 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకే అర్హత ఇచ్చారు. ఒక్క వారం ముందు పుట్టినవాళ్లకు లేదు. ఆ గీతకు ఇటూ అటూ ఉన్నవాళ్లను పోల్చి చూస్తే, టీకా పడినవాళ్లలో ఏడేళ్లలో డిమెన్షియా అయిదో వంతు తక్కువగా కనబడింది. 2025లో ప్రచురించారు. ఆసక్తికరమైన సంగతే, కానీ నేను మాత్రం ఈ టీకాను మతిమరుపు కోసం రాయను, నొప్పి కోసమే రాస్తాను.

టీకా పడేలోపు గానీ, పడ్డాక గానీ ఎవరికైనా సర్పి అనుమానం వస్తే గుర్తుంచుకోవాల్సింది 72 గంటలు. పొక్కు కనబడ్డ మూడు రోజుల్లోపు ఎసైక్లోవిర్ గానీ వాలాసైక్లోవిర్ గానీ మాత్రలు మొదలైతేనే పూర్తి ఉపయోగం. పైపూత మందు రాస్తూ వారం గడిపి వచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, పైపూత ఈ వైరస్‌ను ఆపలేదు. మీకు షుగరు ఉంది కాబట్టి కిడ్నీల పరీక్ష రిపోర్టు చూపించండి, దాన్నిబట్టి మోతాదు మారుస్తారు.

చాలాసార్లు పొక్కులకన్నా రెండు మూడు రోజులు ముందే నొప్పి వస్తుంది. ఎడమ రొమ్ము కింద మంట అని ఒకాయన గుండె డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. మూడో రోజు స్నానం చేస్తుంటే వాళ్లావిడ వీపు మీద ఎర్రగా నీటి పొక్కులు చూసింది. ఆయన పరుగెత్తడం తప్పని నేననను. ఛాతీ నొప్పిని ముందు గుండెదిగానే చూడాలి.

నుదుటి మీద, కంటి చుట్టూ, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు కనబడితే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి. ముక్కు కొనకూ కంటి లోపలికీ వెళ్లేది ఒకే నరం కొమ్మ, చూపు పోయే ప్రమాదం ఉంది. చెవిలో పొక్కులొచ్చి మూతి పక్కకు పోతే అదీ అత్యవసరమే.

‘మా ఆవిడ దగ్గర పడుకుంటే నాకు అంటుకునేదా’ అని చివర్లో అడిగారు. సర్పి నుంచి సర్పి అంటుకోదు. ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్లకు ఆ పొక్కుల్లోని నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు. పక్కు కట్టేదాకా గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండి, పొక్కుల మీద గుడ్డ కప్పుకుంటే చాలు.

ఒక్క విషయం మీరు రాయలేదు. మీ ఆవిడకు ఇప్పటికీ ఆ చోట బట్ట తగిలితే చురుక్కుమంటోందా? రాత్రిళ్లు ఆ పక్కకు ఒత్తిగిలగలుగుతున్నారా? ‘రెండు నెలలు’ అన్నారు కానీ చాలామంది ఆడవాళ్లు మూడో నెల నుంచి చెప్పడం మానేస్తారు, తగ్గి కాదు. ఒకసారి అడిగి రాయండి. ఉంటే దానికి టీకా వేరు, మందులు వేరు. ఏ మందు, ఎంత మోతాదుతో మొదలుపెడతారో అప్పుడు చెప్తాను.